శోకమునకు, శ్లోకమునకు నడుమ: కావ్యసృష్టిలో ఆలోచన స్థానము

1

కావ్యము ఎట్లు పుట్టును అను ప్రశ్నమునకు మన విద్యార్థులు తఱచుగా ఒకే సమాధానము వ్రాయుచుందురు. కవి హృదయమున ఆవేశము పొంగును, ఆ పొంగు మాటలుగా పొర్లును, అదియే కవిత్వము. దీనికి నిదర్శనముగా వారు చూపునది వాల్మీకి కథ. క్రౌంచము కూలినది, మునికి శోకము కలిగినది, ఆ శోకము శ్లోకమైనది. నడుమ మఱేమియు లేదు. పరీక్షాపత్రములలో ఈ వాక్యములను నేను ఎన్ని రూపములలో చదివితినో చెప్పజాలను.

కొన్ని ఏండ్ల క్రిందట ఒక తరగతిలో బాలకాండమునందలి ద్వితీయసర్గను విద్యార్థులకిచ్చి, శ్లోకము వెలువడిన పిమ్మట ముని ఏమేమి చేసెనో వరుసగా వ్రాయుడని కోరితిని. ఒక విద్యార్థి తన పట్టికలో "ఆలోచించెను" అని వ్రాసి, దాని ప్రక్కన ప్రశ్నార్థకచిహ్నము ఉంచినాడు. శ్లోకము వచ్చిన తరువాత ఆలోచన యేల అని అతని సందేహము. విచారించి చూడగా అది అతని ఒక్కని సందేహము కాదని తోచినది. సాహిత్యవిమర్శలో నేటికిని తెగని వివాదము ఆ చిహ్నములో ఇమిడియున్నది.

కవిత్వము కేవలము పొంగినదే అగుచో, దానిని గూర్చి మనము చేయు విచారణ అంతయు పొంగి నేలపాలైన పాలకు లెక్క కట్టుట వంటిది. ఈ పదము ఇచ్చట ఏల ఉన్నది, దీనికి మాఱుగా వేఱొకటి ఏల లేదు అని అడుగుటకు మనకు అధికారము ఉండదు. అధ్యాపకునకు బోధింప నేమియు ఉండదు; పరిశోధకునకు వెదకదగినది ఉండదు. కావున ఆ ప్రశ్నార్థకమునకు సమాధానము చెప్పవలసిన బాధ్యత మనపై నున్నది.

పరిభాష విషయమున ఒక మాట. ఈ వ్యాసమున చైతన్యమనగా వేదాంతులు చెప్పు పరతత్త్వము కాదు. చూచుచు, అనుభవించుచు, చూచినదానిని అనుభవించినదానిని సంస్కారరూపమున నిలుపుకొనుచు నుండు కవి ఎఱుక. ఆలోచన యనగా ఆ ఎఱుక తనవైపు తాను తిరిగి, తనకు తోచినదానిని పరిశీలించి, ఏది నిలువదగినది ఏది విడువదగినది అని తేల్చుకొను వ్యాపారము. మొదటిది లేనిదే రెండవది లేదు. రెండవది లేనిచో మొదటిది కావ్యము కాజాలదని నా అభిప్రాయము. ఆ అభిప్రాయమునకు ఆధారము క్రౌంచఘట్టమునందే కలదు.

2

రామాయణకథాక్రమమును మొదట చూతము. క్రౌంచఘట్టమునకు ముందే, ప్రథమసర్గలో, నారదుడు వాల్మీకికి రామకథను సంగ్రహముగా చెప్పి వెడలిపోయెను. అనగా తమసాతీరమునకు నడచునప్పటికే ముని మనస్సులో ఒక మహాకథ బీజరూపమున నున్నది. అతడు భరద్వాజుడను శిష్యునితో నదికి వచ్చి, ఆ నీటి తేటదనమును చూచి, అది సత్పురుషుని మనస్సు వలె నున్నదని శిష్యునకు చూపినాడు. ఆ ప్రశంస ఊరక వచ్చినది కాదు. సంభవింపనున్న క్షోభకు ముందు కవిచిత్తము ఎట్టి స్థితిలో నున్నదో అది తెలుపుచున్నది.

తరువాత నిషాదుని బాణమునకు మగక్రౌంచము కూలినది. ఆడుపక్షి విలపించినది. ముని మనస్సు కరగినది. ఇచ్చట ఒక్క క్షణము ఆగవలెను. మూలమున కారుణ్యముతోపాటు, ఇది అధర్మమను నిర్ణయము కూడ చెప్పబడినది. సాధారణముగా మనము కారుణ్యమును మాత్రమే గ్రహించి, నిర్ణయమును విడిచిపెట్టుచున్నాము. వేదన మాత్రమే ఉన్నచో అది ఏడ్పుగా వెలువడెడిది; ఏడ్చుటకు ఆడుక్రౌంచము అచ్చట ఉండనే యున్నది. ముని నోట వెలువడినది తీర్పు. కలిగిన బాధను ధర్మాధర్మముల తక్కెడలో తూచినగాని తీర్పు పలుకుట సాధ్యము కాదు. ఆ తూచుట రెప్పపాటులో జరిగియుండవచ్చును. జరుగలేదని మాత్రము చెప్పరాదు.

శ్లోకము వెలువడిన వెంటనే, ఈ పక్షికై శోకించుచు నేను పలికినది ఏమి అను చింత మునికి కలిగినది. అతడు ఆలోచించి, నిశ్చయించుకొని, శిష్యునకు చెప్పినాడు: ఇది పాదములుగా కూర్పబడినది, అక్షరములు సమముగా నున్నవి, తంత్రికిని లయకును తగియున్నది, కావున ఇది శ్లోకము కావలెను అని. శిష్యుడు దానిని సంతోషముతో గ్రహించినాడు. ముని స్నానముచేసి, దానినే తలపోయుచు ఆశ్రమమునకు మరలినాడు. బ్రహ్మ ఎదుట కూర్చున్నప్పుడును అతని మనస్సు దానిని విడువలేదు. మఱల దానిని లోలోన పాడుకొనినాడు. బ్రహ్మ చిఱునవ్వు నవ్వి, అది శ్లోకమే అని చెప్పి, నారదునివలన విన్న రామకథను రచింపుమని ఆదేశించినాడు.

అప్పుడు విచారణ అక్కఱలేదని బ్రహ్మ చెప్పలేదా యని శంకింపవచ్చును. చెప్పినాడు. కాని ఎప్పుడు చెప్పినాడు? ముని స్వయముగా విచారించి, లక్షణములను గుర్తించి, శిష్యునకు ప్రకటించిన పిమ్మట చెప్పినాడు. బ్రహ్మవాక్యము ఆ విచారణను నిషేధించుట లేదు. దాని ఫలితమును ధ్రువపఱచుచున్నది. విచారింపని మునికి బ్రహ్మ వచ్చినట్లు రామాయణమున లేదు.

ఆ తరువాతి సర్గలో ముని ఆచమించి, ప్రాగగ్రములైన దర్భలపై కూర్చుండి, రామకథను అన్వేషించినాడు. జరిగినదంతయు అఱచేతి ఉసిరికవలె కనబడిన పిమ్మట రచనకు పూనుకొనినాడు. కావ్యము పూర్తియైన తరువాత, దీనిని ఎవరు ప్రయోగింతురు అను చింత మఱల కలిగినది. అంతట కుశలవులు వచ్చి పాదములంటినారు. ఒక్క శ్లోకము అనుకొనకుండ వచ్చినది. ఇరువదినాలుగువేల శ్లోకములు అట్లే వచ్చినవని రామాయణము చెప్పలేదు. మొదటి శ్లోకమునకు, కావ్యమునకు నడుమ ముని చేసిన పనులను లెక్కించినచో తలపోత, గుర్తింపు, అన్వేషణ అనునవియే ఎక్కువగా కనబడుచున్నవి. మన విద్యార్థి ప్రశ్నార్థకముంచిన మాట ఆ ఘట్టమునకు ఇరుసు వంటిది.

3

ఈ ఘట్టమును ఆలంకారికులు ఎట్లు చదివిరో చూచుట యుక్తము. తొమ్మిదవ శతాబ్దమున ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమునందు, కావ్యమునకు ఆత్మయైన అర్థము రసమే అని చెప్పుచు, శోకము శ్లోకమైన ఈ వృత్తాంతమును ప్రమాణముగా తీసికొనినాడు. దానికి లోచనమను వ్యాఖ్య వ్రాసిన అభినవగుప్తుడు అచ్చట ఒక హెచ్చరిక చేసినాడు. ఆ శోకము ముని స్వంతశోకమని తలపరాదు. అట్లైనచో అతడును ఆ దుఃఖముచేత దుఃఖితుడగును, అప్పుడు శోకము రసమగుటకు అవకాశముండదు అని అతని ఆశయము. దుఃఖములో మునిగినవానికి దుఃఖమును రుచిచూచు తీరిక లేదు. రుచిచూచుటకు కొంత దూరము కావలెను. ఆ దూరమును కల్పించునది తనను తాను చూచుకొనగల ఎఱుక.

ఇచ్చట పూర్వపక్షి ఒక బలమైన మాట తేగలడు. నిండుకుండ పొర్లినట్లు అను ఉపమానమును అభినవగుప్తుడే ఆ సందర్భమున వాడినాడు గదా, పొంగి పొర్లుటయే కవిత్వమనుటకు ఇంతకంటె ప్రమాణమేమి అని. ఉపమానము నిజమే. కాని కుండలో నిండినది ఏది? లౌకికశోకము కాదు, ఆస్వాదింపబడి రసరూపమును పొందుచున్న శోకము. పొర్లినది ఎట్లు పొర్లినది? తగిన శబ్దములచేతను, ఛందోవృత్తములచేతను నియమింపబడి పొర్లినది. నియమము అను మాటను ఆ వాక్యమునుండి తీసివేసి పొర్లుటను మాత్రమే ఉదాహరించుట న్యాయము కాదు.

మన తరగతిగదులలో వినవచ్చు పొంగు అను మాట అభినవగుప్తునినుండి కంటె ఆంగ్లకవి వర్డ్స్‌వర్త్ నుండి వచ్చినదని నా అనుమానము. 1800లో లిరికల్ బాలడ్స్ రెండవ కూర్పునకు వ్రాసిన పీఠికలో అతడు కవిత్వమును ప్రబలభావముల సహజమైన పొంగుగా వర్ణించినాడు. ఆ మాట మనకు కంఠస్థము. కాని దానిని ఆనుకొనియే, విలువగల కవిత్వము దీర్ఘముగా, గాఢముగా ఆలోచించిన వానివలననే పుట్టినదని కూడ అతడు చెప్పినాడు. ఆ సగము మనకు తెలియదు. తూర్పున ఒక సగము, పడమర ఒక సగము చదివి, రెండు సగములను కలిపి ఒక సిద్ధాంతము చేసికొంటిమి.

అభినవగుప్తుని గురువైన భట్టతౌతుని కావ్యకౌతుకము మనకు దక్కలేదు. అందలి కొన్ని శ్లోకములను పండ్రెండవ శతాబ్దమున హేమచంద్రుడు తన కావ్యానుశాసనమున ఉదాహరించుటచేత అవి నిలిచినవి. వాని సారమిది: దర్శనముచేత ఋషియగును, దర్శనము, వర్ణన రెండును ఉన్నగాని కవి కాడు. ఆదికవికి దర్శనము నిత్యమై స్వచ్ఛమై యుండినను, వర్ణన పుట్టునంతవఱకు అతడు కవి యనిపించుకొనలేదు. ఇంతకంటె సూటిగా ఈ విషయమును చెప్పుట కష్టము. చైతన్యమున వస్తువు వెలుగుట ఒకటి. వెలిగినదానిని పదముపదముగా నిలుపుట మఱియొకటి. రెండవదానిలో ఏఱుట, త్రోయుట తప్పవు. ఏఱుట ఆలోచన కాక మఱేమి?

కుంతకుడు వక్రోక్తిజీవితమున ఈ పరిణామమునకే చక్కని దృష్టాంతము చూపినాడు. కవిమనస్సులో ప్రతిభచేత మొదట మెఱయు వస్తువు చెక్కని ఱాతితునుక వంటి మణి. విదగ్ధుడైన కవి కూర్చిన వక్రవాక్యమును ఎక్కినపుడు అది సానపట్టిన మణివలె శోభించి సహృదయుల నలరించును. ఈ దృష్టాంతమున రెండు సత్యములున్నవి. గులకఱాతిని ఎంత సానపట్టినను మణి కాదు; కావున ప్రతిభ ముఖ్యము. సానకెక్కని మణిని చూచి ఎవరును మెడలో ధరింపరు. కావున పరిశ్రమయు ముఖ్యము.

సాన ఎట్టిదో వామనుడు కావ్యాలంకారసూత్రములలో వివరించినాడు. కావ్యమునకు సాధనములను చెప్పుచు అతడు ప్రతిభానమును కవిత్వమునకు విత్తనమన్నాడు. ఆ పట్టికలోనే అవేక్షణమును, అవధానమును చేర్చినాడు. అవేక్షణమనగా పదమును పెట్టి చూచుట, తీసి చూచుట. మనస్సు ఊగిసలాడునంతవఱకు ఈ పెట్టుట తీయుట సాగును. పదములు మార్పును సహింపని స్థితికి వచ్చినపుడు పాకము కుదిరినట్లు. అవధానమనగా చిత్తము ఏకాగ్రమగుట. తెలుగువారికి అవధానమను మాట వినగానే అష్టావధాన శతావధానములు స్ఫురించును. వేగముగా పద్యము చెప్పుట యందలి చమత్కారము మన కన్నులు కప్పుచున్నది గాని, అవధాని చేయునది జాగ్రదవస్థకు పరాకాష్ఠ. నిషిద్ధాక్షరి చెప్పువాడు అక్షరమక్షరమునకు దారి మార్చుకొనుచుండును. ఆవేశమున తన్ను తాను మఱచినవానికి అది శక్యమా?

రాజశేఖరుడు కావ్యమీమాంసలో కవి దినచర్యను యామములుగా విభజించినాడు. పగటి మొదటి యామమున విద్యాభ్యాసము, రెండవయామమున రచన, భోజనానంతరము గోష్ఠి, నాలుగవయామమున, ఒంటరిగా గాని కొలదిమంది మిత్రులతో గాని, ఉదయము వ్రాసినదాని పరీక్ష. ఈ పరీక్ష ఏల? రసావేశమున రచించువానికి వివేచించు చూపు ఉండదు గనుక అని అతడు కారణము చెప్పినాడు.

రాజశేఖరుని ఈ మాట నా వాదమునకు కొంత ప్రతికూలమని ఒప్పుకొందును. రచనావేళ వివేచన లేదని అతడనుచున్నాడు గదా! దీనికి నా సమాధానమిది. రెండవయామమున వ్రాయువాడును, నాలుగవయామమున పరీక్షించువాడును ఒక్కడే. నిన్నటి పరీక్ష నేటి రచనలో సంస్కారమై నిలుచును. పదేండ్లు అట్లు పరీక్షించినవాని ఆవేశము, ఒక్కనాడును పరీక్షింపనివాని ఆవేశము ఒకటి కావు. మొదటివాని రసావేశములో ఎన్నియో మాటలు వాకిలివఱకు వచ్చి తమంత తామే మరలిపోవును. అతడు వానిని గెంటినట్లును ఎఱుగడు. దానినే మనము సహజధార యందుము. అలవాటైన ఆలోచన తన అడుగుల చప్పుడును తానే వినదు.

4

స్వప్నములో కవిత్వము లభించినదను కథల మాటేమి? ఇది రెండవ పూర్వపక్షము. పాశ్చాత్యదేశములలో ఈ వాదమునకు ఇరువదవ శతాబ్దమున శాస్త్రవేషము కూడ వచ్చినది. ఫ్రాయిడ్ అంతశ్చేతనను గూర్చి వ్రాసిన పిదప, 1924లో ఆంద్రె బ్రెతాన్ అధివాస్తవికతా ప్రకటనమున, బుద్ధి అదుపు లేక వ్రాయుటయే ఆదర్శమన్నాడు. ఆ గాలి తెలుగుదేశమునకును వీచి, శ్రీశ్రీ, శ్రీరంగం నారాయణబాబు వంటి కవులను తాకినది.

స్వప్నకావ్యమునకు అందఱును చూపు ఉదాహరణము కోల్రిడ్జ్ రచించిన కుబ్లా ఖాన్. 1816లో దానిని ప్రకటించుచు అతడు, 1797లో నిద్రలో రెండు మూడు వందల పాదములు తమంత తామే కూర్చబడెననియు, మేల్కొని వ్రాయుచుండగా ఎవరో పనిమీద వచ్చి అడ్డు తగులుటచేత మిగిలినవి మఱపున పడెననియు చెప్పినాడు. మిగిలినవి 54 పాదములు. కాని 1934లో అతని స్వహస్తముతో నున్న ప్రతి వెలుగులోనికి వచ్చినది. అందలి పాఠమునకును ముద్రితపాఠమునకును భేదములున్నవి. పేరులను, మాటలను అతడు మార్చినాడు. అంతకుముందే 1927లో జాన్ లివింగ్‌స్టన్ లోవెస్, ఆ కవితలోని చిత్రములు కోల్రిడ్జ్ చదివిన యాత్రాగ్రంథములనుండి ఎట్లు వచ్చెనో విస్తరముగా చూపియుండెను. నిద్రకు ముందు పఠనమున్నది. నిద్రకు పిమ్మట దిద్దుబాటు ఉన్నది. నడుమ నున్న నిద్రను మాత్రమే మనము పూజించుచున్నాము.

మన ప్రబంధావతారికలలోని స్వప్నములను ఈ దృష్టితో మఱల చదువవలెను. తిక్కన విరాటపర్వావతారికలో తండ్రి కొమ్మన, పిదప హరిహరనాథుడు సాక్షాత్కరించుటకు ముందే, భారతరచనను గూర్చి, దానికి తగిన కృతిపతిని గూర్చి కవి తలపోయుట కలదు. స్వప్నము ఆ తలపోతకు సమాధానముగా వచ్చినది. పోతన గంగాతీరమున చంద్రగ్రహణస్నానము చేసి ధ్యానమున నుండగా, అరమోడ్పు కన్నుల ఎదుట రామభద్రుడు కనబడినాడు. అది నిద్రయు కాదు, సాధారణమైన మెలకువయు కాదు. ఏకాగ్రమైన చిత్తమునకు అందిన దర్శనము.

ఆముక్తమాల్యదావతారిక మఱింత విశేషమైనది. కళింగదండయాత్రలో కృష్ణదేవరాయలు శ్రీకాకుళమున ఆంధ్రమహావిష్ణువును సేవించి, ఏకాదశి ఉపవాసముండి, ఆ రాత్రి నాలుగవయామమున కలగన్నాడు. వామనుడు కావ్యరచనకు తగిన కాలమని విధించినది రాత్రి నాలుగవయామమునే యని గుర్తుంచుకొనదగును. ఆ కలలో దేవుడు ఏమి చేసినాడు? రాయలు అంతకుముందు సంస్కృతమున రచించిన కృతులను పేర్కొన్నాడు. తెలుగున ఒక కావ్యము కోరినాడు. తెలుగే ఏల అన్నదానికి దేశమును, రాజును, భాషను చూపి కారణములు చెప్పినాడు. కావ్యవస్తువును నిర్దేశించినాడు. ఇది కల అగునా, సాహిత్యవిమర్శ అగునా? కవి చైతన్యమున చాలకాలముగా నలుగుచున్న ప్రశ్నలన్నియు దైవముఖమున సమాధానములై వినబడినవి. మేల్కొన్న రాయలు ఆ కలను కొలువులో పండితుల ఎదుట ఉంచి వారి వివరణము వినినాడు. కలను కూడ పరీక్షకు పెట్టిన సంప్రదాయము మనది.

దైవానుగ్రహమును కాదనుట నా ఉద్దేశము కాదు. భక్తుని విశ్వాసమును ఖండించుటకు విమర్శకునకు పని లేదు. అనుగ్రహము పొందినట్లు చెప్పుకొన్న కవులే, దానికి ముందు వెనుకల తమ ఆలోచనను దాచలేదని మాత్రమే చెప్పుచున్నాను. గజేంద్రమోక్షణమున వైకుంఠవర్ణన సాగక పోతన గంటము విడిచి లేచిపోగా, రాముడే వచ్చి పద్యము పూరించెనని లోకమున ఒక కథ కలదు. చరిత్రగా దానికి ప్రమాణము లేకపోవచ్చును. కాని ఆ కథ కల్పించిన జనులకు కావ్యరహస్యము తెలియును. రానిపద్యము రాలేదని పోతనకు తెలిసినది. ఏదో ఒక పద్యము వ్రాసి సరిపెట్టుకొనుట అతనికి చేతకాలేదు. ఆ చేతకానితనమే వివేకము. రాముడు వచ్చినది ఆ వివేకమునకే గదా.

5

ఇంతవఱకు చెప్పినది పురాతనము. పత్రసాక్ష్యముగల ఆధునికోదాహరణము ఒకటి చూతము. గురజాడ అప్పారావు కన్యాశుల్కము 1892లో విజయనగరమున ప్రదర్శింపబడినది, 1897లో అచ్చైనది, పూర్తిగా మార్చివ్రాసిన రెండవకూర్పు 1909లో వెలువడినది. నేడు మనము చదువుచున్నది రెండవదానినే. మొదటికూర్పును 1969లో బంగోరె మఱల ప్రకటించుటచేత రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచు భాగ్యము మనకు కలిగినది.

ఈ నాటకమునకును మూలము ఒక వేదన, ఒక తీర్పు. మొదటికూర్పు ఆంగ్లపీఠికలో గురజాడ ఒక లెక్క ఇచ్చినాడు. విజయనగర మహారాజు సేకరింపజేసిన పట్టిక ప్రకారము, విశాఖపట్టణమండలమున మూడేండ్లలో బ్రాహ్మణకుటుంబములలో జరిగిన శుల్కవివాహములు 1,034. పసిపిల్లలను, కొన్నియెడల కడుపులోని శిశువులను కూడ బేరమాడిన కాలమది. కారుణ్యముతోపాటు ఇది అధర్మమను నిర్ణయము అచ్చటను ఉన్నది. మొదటి కన్యాశుల్కము ఆ ఆగ్రహమునుండి పుట్టినది.

ఆగ్రహమే కవిత్వమైనచో పని అచ్చటితో ముగిసెడిది. నాటకము ప్రదర్శింపబడినది, మెప్పు పొందినది. మఱి పండ్రెండేండ్ల పిదప రెండవకూర్పు ఏల? ఐదంకములు ఏడంకములైనవి. మధురవాణి పాత్ర ఎంతో పెరిగి నాటకమునకు వెన్నెముక అయినది. వేశ్యయగు ఆమె, వేశ్యను తాకనని నియమము పట్టిన సౌజన్యారావు ఎదుట నిలిచినపుడు, సంస్కర్తయొక్క మంచితనము కూడ ప్రశ్నకు గుఱియైనది. దురాచారమును నిందించుటకు రచింపబడిన నాటకము, నిందించువారిని కూడ విడువక పరిశీలించు నాటకమైనది. గిరీశము ఒక మోసగాడుగా మాత్రమే మిగులక, అతని మోసమును చూచి నవ్వుచున్న మనలను కూడ అనుమానించునట్లు చేసినాడు.

ఈ మార్పును ఆవేశమునకు ఆరోపింపలేము. ఆవేశము 1892 నాటికే ఉన్నది. ఏండ్లు గడచినకొలది అది చల్లారవలసినది గాని హెచ్చవలసినది కాదు. పెరిగినది చింత. వాల్మీకి తమసాతీరమునుండి ఆశ్రమమునకు నడచినంత దూరమును గురజాడ పండ్రెండేండ్లు నడచినాడు. నేను పలికినది ఏమి అని తన నాటకమునే తాను అడిగినాడు. మొదటికూర్పు మంచి నాటకమే. రెండవకూర్పు లేనిచో మనము దానిని సంఘసంస్కరణచరిత్రలో ఒక పుటగా చదివియుందుము.

6

ఆలోచనకు గల హద్దులను కూడ చెప్పుకొనుట ధర్మము. ఆలోచన ఒక్కటే కావ్యమును పుట్టింపజాలదు. పదునొకండవ శతాబ్దమున క్షేమేంద్రుడు కవికంఠాభరణమున శిష్యులను విభజించుచు, స్వభావముచేతనే ఱాయివంటివాడును, వ్యాకరణముతో శ్రమించి చెడినవాడును, తర్కముచేత కాలిపోయినవాడును కవిత్వమునకు అసాధ్యులని చెప్పినాడు. ఆ మాట వినినపుడు మనవంటి పండితవృత్తివారు కొంచెము తలవంచుకొనక తప్పదు. అనుభవమునుండి విడివడిన ఆలోచన ఎండుపుల్ల. లక్షణగ్రంథమును ఎదుట పెట్టుకొని అల్లిన ప్రబంధములు మనకు కొల్లలుగా కలవు. వానిలో తప్పులు లేవు, ప్రాణమును లేదు.

కావున నేను చెప్పునది ఆలోచన చైతన్యమునకు పైఅధికారి యని కాదు. చైతన్యము తన అనుభవమును తాను గుర్తుపట్టుటయే కావ్యసందర్భమున ఆలోచన. ఆ గుర్తింపు రచనకు ముందు సంస్కారముగా, రచనావేళ అవధానముగా, రచనానంతరము అవేక్షణముగా ఉండును. మూడుచోట్లను అది ఒక్కటే. ఏ ఒక్కచోట కొఱవడినను కావ్యమున ఆ కొఱత కనబడును. శోకము అందఱికిని కలుగును. నిషాదుని ఇంటను ఎన్నడో ఒకనాడు కలిగియుండును. నేను పలికినది ఏమి అని ఆగినవాడు మాత్రమే ఆదికవి అయినాడు.

ఇందువలన మన పరిశోధనకు ఒక కర్తవ్యము ఏర్పడుచున్నది. కవి తుదిపాఠమును మాత్రమే చదివి ప్రతిభను కొనియాడుట చాలదు. చిత్తుప్రతులు, కొట్టివేతలు, పత్రికలో అచ్చైన తొలిపాఠము, సంపుటిలో మారిన పాఠము, కూర్పుకు కూర్పుకు నడుమ వచ్చిన భేదములు, ఇవియన్నియు కవి చింతకు మిగిలిన అడుగుజాడలు. తాళపత్రముల పాఠభేదములను సేకరించుటలో మన పూర్వపండితులు చూపిన శ్రద్ధను ఆధునికుల చిత్తుప్రతుల విషయమున మనము చూపుట లేదు. ఎందఱో కవుల వ్రాతపుస్తకములు వారి అనంతరము పాతకాగితములతోపాటు తూకమునకు పోయినవి. నేడు పరిస్థితి మఱింత క్లిష్టమైనది. కవులు కంప్యూటర్ల మీదను, చేతిఫోన్ల మీదను వ్రాయుచున్నారు. ఒక పదమును తీసి మఱియొకటి పెట్టిన క్షణముననే మొదటిది జాడ లేక పోవుచున్నది. వామనుడు చెప్పిన పెట్టుట తీయుటలలో పెట్టినది మిగులును గాని తీసినది మిగులదు. సజీవులైన కవులను అడిగి, వారి పాఠాంతరములను ఇప్పుడే భద్రపఱపకున్నచో, ముందుతరముల పరిశోధకులకు ఈ కాలపు కవిత్వమంతయు ఒక్కసారిగా పొంగినట్లే కనబడును. అప్పుడు పొంగువాదమును కాదనుటకు వారికి సాక్ష్యము దొరకదు.

ఆ విద్యార్థి పట్టికను నేను తిరిగి ఇచ్చునపుడు ప్రశ్నార్థకమును కొట్టివేయలేదు. దానిని "ఆలోచించెను" అను మాట ప్రక్కనుండి తీసి, దాని పైనున్న "శ్లోకము వచ్చెను" అను మాట ప్రక్కకు మార్చితిని. అడుగవలసిన ప్రశ్న అచ్చట నున్నది.